మొదటి మెటల్ డిటెక్టర్ కొనేవారు ముందుగా చూడవలసింది నేలను

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత కాలక్షేపంగా మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరగాలన్న కోరిక కలిగింది. ఒకప్పుడు ఇళ్లు ఉండి, ఇప్పుడు పాడుపడిన ఎర్రమట్టి తోట ఒకటి మా బంధువులకు ఉంది; అందులో వెతుక్కోవడానికి వారు ఒప్పుకున్నారు. వీలు చిక్కినప్పుడు సముద్రతీరానికి కూడా వెళ్లాలని ఉంది. ప్రకటనలు చూస్తే ఒక యంత్రం రెండు మీటర్ల లోతు అంటుంది, ఇంకొకటి ఐదు మీటర్లు అంటుంది. ఒక మిత్రుడు తన పాత పల్స్ ఇండక్షన్ యంత్రాన్ని చవకగా ఇస్తానంటున్నాడు. బంగారాన్ని మాత్రమే పసిగట్టి మిగిలినవాటిని వదిలేసే యంత్రం ఏదైనా ఉంటుందా? నాకు కుడి భుజం నొప్పి కూడా ఉంది. ఏది కొనమంటారు?

సమాధానం: మీరు చాలా సంగతులు అడిగారు కానీ, నిర్ణయాన్ని తేల్చే మాటను మాత్రం ప్రశ్నగా అడగకుండా మధ్యలో చెప్పి వదిలేశారు. అది ఎర్రమట్టి. ఎంత లోతులో ఉన్న వస్తువు తెలుస్తుందన్నది యంత్రం ఒక్కటే తేల్చే విషయం కాదు; కాయిల్ (యంత్రం చివర నేల మీదుగా ఊపే తీగచుట్టల పళ్లెం) కింద ఉన్న నేల ఎంతవరకు చూడనిస్తుందన్న దానిపైన కూడా అది ఆధారపడి ఉంటుంది. అందువల్ల జవాబు ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. గ్రౌండ్ బ్యాలెన్స్‌ను, అంటే నేల నుంచి వచ్చే సంకేతాన్ని తీసివేసే అమరికను, మీరే సరిచేసుకోగలిగిన, తేలికైన వీఎల్ఎఫ్ రకం (అతి తక్కువ ఫ్రీక్వెన్సీతో, అంటే సెకనుకు కొన్ని వేల సార్లు ఊగే కరెంటుతో పనిచేసే) డిటెక్టర్ తీసుకోండి. మిత్రుడి పల్స్ ఇండక్షన్ యంత్రం ఆ తోటకు పనికిరాదు. బంగారాన్ని మాత్రమే చూపించే డిటెక్టర్ ప్రపంచంలో ఎక్కడా లేదు.

ముందు లోతు సంగతి చూద్దాం. డిటెక్టర్ కాయిల్‌లో మారుతూ ప్రవహించే కరెంటు తన చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని కల్పిస్తుంది. ఆ క్షేత్రం నేలలోని లోహానికి తగిలినప్పుడు లోహంలో సుడి ప్రవాహాలు, అంటే గుండ్రంగా తిరిగే చిన్న కరెంటులు, పుడతాయి. అవి కల్పించే అతి చిన్న క్షేత్రాన్ని కాయిల్‌లోని రెండవ చుట్ట అందుకుంటుంది. వెళ్లే క్షేత్రమూ, తిరిగి వచ్చే క్షేత్రమూ రెండూ దూరంతో పాటు చాలా వేగంగా బలహీనపడతాయి. కాయిల్ పరిమాణాన్ని దాటిన తరువాత ఒక్కొక్కటి స్థూలంగా దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి, రెండూ కలిసి దూరం రెట్టింపైతే సంకేతం 64వ వంతుకు పడిపోతుంది. ఈ లెక్క ముందు ఏ కంపెనీ ప్రకటనా నిలవదు. నాణెమంత వస్తువును మామూలు డిటెక్టర్ సాధారణంగా 15 నుంచి 25 సెంటీమీటర్ల లోతు వరకు పట్టుకుంటుంది. మంచి నేల, పెద్ద నాణెం, అనుభవం ఉన్న చెవి కలిస్తే మరికొంచెం లోతు అందుతుంది. మీటర్లలో చెప్పే అంకెలు పెద్ద డ్రమ్ము వంటి వస్తువులకు వర్తించేవి, లేకపోతే వట్టి మాటలు.

ఆ లోతు చాలదేమోనన్న బెంగ అక్కరలేదు. ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో 2009లో టెర్రీ హెర్బర్ట్ అనే ఔత్సాహికుడికి దొరికిన ఏడవ శతాబ్దపు ఆంగ్లో-శాక్సన్ బంగారు నిధి, దున్నిన పొలంలో పైమట్టిలోనే ఉంది. అప్పటికి ఆయన చేతిలోని యంత్రం వయసు 14 ఏళ్లు. అటువంటి అదృష్టం లక్షమందిలో ఒకరికి కూడా పట్టదు కాబట్టి దాన్ని ఆశగా కాక, లోతు గురించిన సాక్ష్యంగా మాత్రమే తీసుకోండి.

ఇక ఎర్రమట్టి. దానికి ఆ రంగునిచ్చేవి ఇనుప ఆక్సైడులు. డిటెక్టర్ దృష్టిలో అవి కూడా ఒక రకమైన లోహపు జాడే. నాణెం నుంచి వచ్చే సన్నని సంకేతం కన్నా మట్టి నుంచి వచ్చే సంకేతం ఎన్నో రెట్లు పెద్దదిగా ఉండవచ్చు. మట్టి చేసే ఈ రొదను తీసివేసి, మిగిలినదాన్ని వినిపించడమే గ్రౌండ్ బ్యాలెన్స్ చేసే పని. చవక రకాలలో దీనిని ఫ్యాక్టరీలోనే ఒక మధ్యస్థమైన స్థాయిలో బిగించి వదిలేస్తారు. ఇనుము తక్కువగా ఉన్న నేలలో, ఉద్యానవనాల గడ్డి మీద, పొడి ఇసుకలో అది ఇబ్బంది పెట్టదు. ఇనుము ఎక్కువున్న నేలలో మాత్రం అటువంటి యంత్రం ప్రతి గతుకు దగ్గరా కూస్తుంది. ఆ గోల భరించలేక మీరు సెన్సిటివిటీ, అంటే చిన్న సంకేతాలను కూడా పట్టుకునే శక్తి, తగ్గిస్తారు. తగ్గించగానే 20 సెంటీమీటర్ల యంత్రం కాస్తా 8 సెంటీమీటర్ల యంత్రమైపోతుంది. కొత్తగా కొన్నవారిలో చాలామంది నెల తిరగకుండానే యంత్రాన్ని అటక ఎక్కించడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

వాడేవారు సరిచేసుకోగలిగే రకంలో పద్ధతి సులభం. లోహం లేని చోటు చూసుకుని, బ్యాలెన్స్ మీట నొక్కి పట్టుకుని, కాయిల్‌ను నేలకు ఒక జానెడు పైనుంచి దాదాపు నేలను తాకేంతవరకు నాలుగైదు సార్లు నిలువుగా పైకీ కిందికీ ఆడించాలి. మొదట కాయిల్ కిందికి వచ్చినప్పుడల్లా మోత పెరుగుతుంది. యంత్రం నేలకు అలవాటు పడిన కొద్దీ పైనా కిందా మోత ఒకేలా వినిపిస్తుంది; అప్పుడు మీట వదిలేయవచ్చు. నడుస్తున్నంతసేపూ తనంతట తానే సరిచూసుకుంటూ పోయే ట్రాకింగ్ సౌకర్యం కూడా కొన్నింటిలో ఉంటుంది. మట్టి స్వభావం అడుగడుగునా మారే చోట అది ఉపయోగమే. కానీ ఒకే సంకేతం మీద కాయిల్‌ను పదేపదే తిప్పుతూ ఉంటే ట్రాకింగ్ ఆ వస్తువునే నేలగా భావించి చెరిపేసే ప్రమాదం ఉంది కాబట్టి, మీ తోటలో చేతితో సరిచేసుకోవడమే మేలు.

సముద్రతీరం మాట వచ్చేసరికి, పొడి ఇసుకా తడి ఇసుకా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోవాలి. పొడి ఇసుకలో ఏ యంత్రమైనా నడుస్తుంది. ఉప్పునీటితో తడిసిన ఇసుక కరెంటును ప్రవహింపజేస్తుంది. దాని సంకేతం పలుచని రేకు, చిన్న బంగారు ముక్క ఇచ్చే సంకేతాలకు దగ్గరగా ఉంటుంది. దానికి తోడు నల్ల ఇసుక, అంటే మ్యాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు రేణువులు, కలిసినచోట ఇనుపమట్టి బాధ కూడా చేరుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే యంత్రం ఉప్పుకు సర్దుకుంటే ఇనుముకు సర్దుకోలేదు, ఇనుముకు సర్దుకుంటే ఉప్పుకు సర్దుకోలేదు. ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలతో పనిచేసే మల్టీ ఫ్రీక్వెన్సీ యంత్రాలు వేర్వేరు ఫ్రీక్వెన్సీల జవాబులను పోల్చిచూసి ఈ చిక్కును చాలావరకు విప్పుతాయి. మీరు నీటి అంచున ఎక్కువగా తిరుగుతారంటే అటువంటిదే తీసుకోవాలి. తీరానికి అప్పుడప్పుడు మాత్రమే వెళ్లి, పొడి ఇసుకలో తిరిగి వస్తారంటే దాని కోసం అదనంగా ఖర్చు పెట్టవలసిన అవసరం లేదు. ఒక మాట జాగ్రత్తగా గమనించండి: ఐదు ఫ్రీక్వెన్సీలలో ఏదో ఒకటి ఎంచుకోగలగడం వేరు, అన్నీ ఒకేసారి పనిచేయడం వేరు. ప్రకటనలు ఈ రెండింటినీ కలగలిపి రాస్తుంటాయి.

ఒకే ఫ్రీక్వెన్సీ రకం అయితే ఎంత ఉండాలన్న ప్రశ్నకు స్థూలమైన జవాబు ఉంది. 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ వరకు ఉన్నవి వెండి, రాగి నాణేలకూ పెద్ద వస్తువులకూ అనుకూలం. 20కి పైన ఉన్నవి చిన్న, పలుచని వస్తువులను బాగా పట్టుకుంటాయి. సన్నని బంగారు రేణువుల కోసం వెతికేవారు 40కి పైన కూడా వాడతారు. 12 నుంచి 15 మధ్య ఉన్నది అన్నింటికీ ఓ మాదిరిగా పనికివస్తుంది కనుక, ఏమి దొరుకుతుందో తెలియని పాత జనావాసానికి అదే తగినది.

బంగారం ప్రశ్నకు వద్దాం. తెరమీద కనిపించే టార్గెట్ అంకె, చాలా యంత్రాలలో 0 నుంచి 99 వరకు ఉంటుంది, లోహం పేరు చెప్పదు. వస్తువు ఎంత సులువుగా కరెంటును ప్రవహింపజేస్తుంది, ఎంత పెద్దది, ఎంత మందం, ఏ ఆకారం అన్నవన్నీ కలిసి ఆ అంకెగా బయటికి వస్తాయి. సాధారణంగా ఇనుము అడుగున, వెండి, రాగి పైన ఉంటాయి. మధ్యలో ఉన్న విశాలమైన ప్రదేశంలో అల్యూమినియం రేకు, కూల్‌డ్రింకు డబ్బా మూతల రింగులు, తుపాకి గుండ్ల సీసం, బంగారు ఉంగరాలు అన్నీ ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. సన్నని ఉంగరం రేకుతో సమానమైన అంకె చూపితే, బరువైన ఉంగరం డబ్బా రింగును కూడా దాటిపోవచ్చు. అందువల్ల డబ్బా రింగులు వినిపించకుండా నోరు మూయించేవారు వాటితోపాటు ఉంగరాలను కూడా వదిలేసి నడుస్తున్నట్టే. బంగారం కావాలనుకునేవారు చెత్తను తవ్వక తప్పదు. ఇందులో దగ్గరి దారి లేదు.

అసలు డిస్క్రిమినేషన్ అనే, కొన్ని లోహాలను వినిపించకుండా చేసే సౌకర్యాన్ని మొదట్లో వీలైనంత తక్కువగా వాడమని నా సలహా. ఇనుముకు మంద్రస్థాయిలో, మిగిలినవాటికి తారస్థాయిలో మోగే రెండు మూడు స్వరాల అమరిక పెట్టుకుని, ఇనుమును కూడా విననివ్వండి. పాత ఇళ్లున్న చోట మేకులు విపరీతంగా ఉంటాయి. ఒక మేకు పక్కనే నాణెం ఉంటే, ఇనుము వినిపించకుండా చేసిన యంత్రం మేకు దగ్గర మౌనం వహించి, ఆ మౌనం తేరుకునేలోగా నాణెం మీదుగా దాటిపోతుంది. ఒక సంకేతం తరువాత ఇంకొకదాన్ని వినడానికి యంత్రానికి పట్టే వ్యవధిని తగ్గించే రికవరీ స్పీడ్ అనే అమరిక ఉంటే, మీ తోట వంటి చోట అది రెండు సెంటీమీటర్ల అదనపు లోతు కన్నా విలువైనది.

సంకేతాన్ని చెవితో ఎలా గుర్తుపట్టాలో చూడండి. కాయిల్‌ను ఒక చోట అటూ ఇటూ ఊపినప్పుడు తెర మీద 64, 66, 65 అని వచ్చి, రెండు వైపుల నుంచీ ఒకే రకమైన గుండ్రని మోత వినిపించి, మీరు పక్కకు జరిగి 90 డిగ్రీల కోణంలో ఊపినా అదే అంకె నిలిస్తే, తవ్వడానికి తగిన సంకేతమది. అలా కాక 71, 38, 12, 83 అని గెంతుతూ, ఎడమనుంచి ఊపితే కీచుమని, కుడినుంచి ఊపితే గరగరమని వినిపించి, పక్కకు తిరిగేసరికి మాయమైతే, అది చాలావరకు వంగిన మేకు. తుప్పుపట్టిన వెడల్పాటి ఇనుప వాషరు, సీసా మూత మాత్రం వెండిలా నటిస్తాయి. వాటి చేతిలో మోసపోనివారు లేరు.

బంగారం ఆశను సొమ్ము చేసుకునే మరో జాతి ఉంది. లాంగ్ రేంజ్ లొకేటర్ అనే పేరుతో, చేతిపిడికి తిరిగే యాంటెనా బిగించి, వందల మీటర్ల దూరంలోని బంగారాన్ని చూపుతుందని అమ్మేవాటికి ఏ భౌతిక సూత్రమూ ఆధారం కాదు. ఇదే తరహా వస్తువును ఏడీఈ 651 అనే పేరుతో బాంబులు కనిపెట్టే యంత్రంగా ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెకార్మిక్ అనే వ్యాపారికి 2013లో బ్రిటన్ న్యాయస్థానం మోసం నేరం కింద పదేళ్ల జైలు విధించింది. దాని మూలరూపం గోల్ఫ్ బంతులు వెతికే ఆటవస్తువు. తెర మీద లోహాల పేర్లతో బొమ్మలు వేసి చూపే యంత్రాలన్నీ మోసం కాకపోయినా, ఆ బొమ్మలను నమ్మి కొనడం మాత్రం పొరపాటు.

మీ మిత్రుడి యంత్రం విషయం. పల్స్ ఇండక్షన్ యంత్రం కాయిల్‌కు అతి తక్కువ వ్యవధి గల విద్యుత్ తాకిడి ఇచ్చి ఆపి, ఆ వెంటనే లోహంలో మిగిలిన ప్రవాహం ఎలా తగ్గుతుందో వింటుంది. ఉప్పు ఇసుక, ఇనుపమట్టి దాన్ని పెద్దగా కలవరపెట్టవు. లోతు కూడా ఎక్కువే. లోపమల్లా ఒకటే: ఇనుమూ బంగారమూ దానికి దాదాపు ఒక్కటే. పాడుపడ్డ ఇళ్ల స్థలంలో మీరు రోజంతా అర అడుగు, అడుగు లోతు గోతులు తీసి మేకులు ఏరుకుంటారు. అది అలలు తిన్న తీరానికి, బంగారం దొరికే నేలలకు తగిన పనిముట్టు. తడి ఇసుకలో ఒక రోజు ప్రయత్నించడానికి దాన్ని అరువు అడగవచ్చు కానీ, మొదటి యంత్రంగా కొనవద్దు.

కాయిల్ గురించి క్లుప్తంగా చెబుతాను. కాన్‌సెంట్రిక్ కాయిల్ కింద క్షేత్రం శంకువు ఆకారంలో ఉంటుంది; వస్తువు ఉన్న చోటును కచ్చితంగా చూపుతుంది కానీ ఇనుపమట్టికి త్వరగా తడబడుతుంది. డీడీ కాయిల్ (D ఆకారపు రెండు చుట్టలు ఉన్నది) కింద అది ముందు నుంచి వెనుకకు సన్నని నిలువు పట్టీలా ఉంటుంది. ఎర్రమట్టికి ఇదే తగినది. 11 అంగుళాలు సాధారణ పరిమాణం. పెద్ద కాయిల్ పెద్ద వస్తువులను మరింత లోతులో పట్టుకున్నా, మేకుల మధ్య అది ఒకేసారి నాలుగు వస్తువులను చూసి ఏదీ తేల్చలేదు. పైగా చేతికి బరువు. మీ భుజాన్ని దృష్టిలో పెట్టుకుంటే 8, 9 అంగుళాల కాయిల్‌ను కూడా బిగించుకునే వీలున్న నమూనా చూడటం మంచిది.

భుజం నొప్పి విషయాన్ని ఉత్తరం చివర పెట్టారు కానీ, ఎంపికలో అది రెండవ స్థానంలో ఉండాలి. యంత్రం మొత్తం బరువు 1.3 కిలోలు అని రాసి ఉన్నా, ఆ బరువు ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. బ్యాటరీలు మోచేతి వెనుక ఉన్న యంత్రం సమతూకంగా తేలుతుంది. బరువంతా ముందున్నది అంతే తూగినా అరగంటలో భుజాన్ని గుంజుతుంది. కొనేముందు కనీసం పావుగంట చేతపట్టి, నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో సమాంతరంగా ఊపి చూడండి. ఎడమచేతితో కూడా ఊపి చూడండి. మధ్యమధ్య చేయి మార్చుకోగలిగితే మీకు సగం బాధ తప్పుతుంది. ఎక్స్‌పీ డ్యూస్ వంటి చాలా తేలికైన యంత్రాలు ఉన్నాయి కానీ, వాటిలోని అమరికల సంఖ్య కొత్తవారిని కంగారు పెడుతుంది.

పేర్లు అడగకపోయినా చెప్పడం న్యాయం. 12 కిలోహెర్ట్జ్‌తో పనిచేస్తూ, గ్రౌండ్ బ్యాలెన్స్ సరిచేసుకునే వీలు, 11 అంగుళాల డీడీ కాయిల్, మూడు మీటర్ల నీటిలో తట్టుకునే నిర్మాణం ఉన్న నోక్టా సింప్లెక్స్ ప్లస్ మీ తోటకు సరిపోయే తరగతికి చెందినది. 5, 8, 10, 15 కిలోహెర్ట్జ్‌లలో ఒకటి ఎంచుకునే మైన్‌ల్యాబ్ ఎక్స్‌టెర్రా ప్రో కూడా అదే తరగతి. తడి ఇసుక ముఖ్యమైతే మైన్‌ల్యాబ్ వాంక్విష్ వరుస మల్టీ ఫ్రీక్వెన్సీలో సులభమైనది. అయితే దాని కాయిల్ నీటిలో మునగవచ్చు కానీ కంట్రోల్ బాక్స్ మునగకూడదు, గ్రౌండ్ బ్యాలెన్స్ కూడా చేతికి ఇవ్వరు. గ్యారెట్ ఏస్ 200, 300, 400 నమూనాల వరుస నేర్చుకోవడానికి ఎంతో సులువైనది, మన్నికైనది. బ్యాలెన్స్ ముందే బిగించి ఉండటం వల్ల మీ ఎర్రమట్టికి మాత్రం నేను సిఫారసు చేయను.

వాడినది కొంటే కాయిల్ తీగలో చీలికలున్నాయేమో, బ్యాటరీ గదిలో పచ్చని చిలుము పట్టిందేమో చూసి, కాయిల్‌ను వేలితో తట్టండి. తట్టినప్పుడల్లా కూస్తే లోపల ఏదో వదులైందని అర్థం. విడిభాగాలు దొరుకుతాయా అన్నది కూడా కనుక్కోండి. ఎంతో పేరున్న వైట్స్ ఎలక్ట్రానిక్స్ 2020లో మూతపడింది. దాని యంత్రాలు మంచివే అయినా కాయిల్ పాడైతే వెతుకులాట తప్పదు. కొత్తది కొనేటప్పుడు అధీకృత విక్రేత వద్దే కొని సీరియల్ నంబరు సరిచూసుకోండి, ఎందుకంటే పేరున్న కంపెనీల నమూనాలకు నకిలీలు తయారవుతున్నాయి.

ఖర్చు మొత్తం యంత్రం మీదే పెట్టకుండా, చేతిలో ఇమిడే పిన్‌పాయింటర్‌కు కొంత మిగుల్చుకోండి. తవ్విన గోతిలో మట్టిరంగులో కలిసిపోయిన నాణేన్ని అది క్షణాల్లో చూపుతుంది. అది లేనివారు అదే నాణెం కోసం పది నిమిషాలు మట్టి పిసుకుతారు. హెడ్‌ఫోన్లు తీగవైనా చాలు. సాధారణ బ్లూటూత్‌లో మోత ఆలస్యంగా చేరి, సంకేతం పక్కన తవ్విస్తుంది.

కొన్న యంత్రాన్ని ఇంట్లో పరీక్షించి చెడిపోయిందని తేల్చవద్దు. నేలలోని ఇనుప చువ్వలు, గోడలోని కరెంటు తీగలు, జేబులోని ఫోను అన్నీ దాన్ని గందరగోళపరుస్తాయి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ శరీరంలోని తూటాను వెతకడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇటువంటి పరికరాన్నే తయారుచేసి విఫలమయ్యాడు. పరుపులోని లోహపు స్ప్రింగులు అందుకు ఒక కారణమని చెబుతారు. ఆరుబయట, చెక్కబల్ల మీద, కాయిల్ తీగను యంత్రపు కర్రకు బిగుతుగా చుట్టి, చేతి గడియారం తీసి పరీక్షించండి.

తవ్వకానికి ముందు చట్టం సంగతి. కొన్ని దేశాలలో స్థల యజమాని అనుమతి చాలు, కొన్నింట ప్రభుత్వ అనుమతి లేకుండా వెతకడమే నేరం. రక్షిత స్మారక స్థలాలు దాదాపు అంతటా నిషిద్ధం. మీరుండే చోటి నిబంధన యంత్రం కొనకముందే తెలుసుకోండి. పురాతన వస్తువు దొరికితే ఎవరికి తెలియజేయాలో, అది ఎవరికి చెందుతుందో కూడా బంధువులతో ముందే మాట్లాడి కాగితం మీద పెట్టుకోండి. మందుగుండు వంటిది కనబడితే కదపకుండా పోలీసులకు చెప్పండి.

మొదటి వారం తోటలోకి వెళ్లకుండా, పెరటిలో లోహం లేదని తేల్చుకున్న చోట ఒక నాణెం, ఒక మేకు, ఒక డబ్బా రింగు, పాత ఇత్తడి ఉంగరం ఒకటి 5, 10, 15 సెంటీమీటర్ల లోతులలో పాతి, రోజూ వాటి మీద కాయిల్ తిప్పండి. ఏ మోత దేనిదో చెవికి పట్టిన తరువాత, నాణెం పక్కన మేకును చేర్చి మళ్లీ వినండి. ఏది ఎక్కడ పాతారో మాత్రం ఒక కాగితం మీద రాసుకోండి. లేకపోతే ఆ తరువాతి ఏడాది మీరే వాటిని పురాతన వస్తువులనుకుని తవ్వే ప్రమాదం ఉంది.